నైరుతి మూల కిటికీ

సుజాతా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. చుట్టాలు వస్తారని మన రెండు గదులకూ తెల్ల రంగు వేయిస్తున్నాను. తెల్లగా ఉంటే ఇల్లు పెద్దగా కనిపిస్తుందని నువ్వే అనేదానివి.

పడకగదిలో బీరువా జరపనిదే గోడకు రంగు వేయలేనన్నాడు పెయింటర్ యాదయ్య. ఇద్దరం కలిసి జరిపాం. పన్నెండేళ్లుగా దాని వెనకాల మూసి ఉన్న కిటికీని అతనే తెరిచాడు.

"గింత మంచి కిటికీని ఎందుకు మూసిపెట్టిండ్రు సార్? ఇగ సూడుండ్రి, అర్ర రెండింతలైంది."

నిజమే. గది ఎదురు గోడ దాకా వెలుతురు వచ్చింది.

నువ్వు ఎన్నిసార్లు అడిగావో. "జర ఆ బీరువా జరుపుండ్రి. పెట్టెల ఉన్నట్టున్నది, గాలాడుతలేదు." నేను జరపలేదు. బీరువా ఉన్న నైరుతి మూలలో బరువు తగ్గితే ఇల్లాలికి మంచిది కాదని మిర్యాలగూడ నుంచి వచ్చిన వాస్తు ఆయన చెప్పాడు. చదువుకున్నవాణ్ణే అయినా, నీకేమైనా అవుతుందేమోనని భయపడ్డాను. దవాఖాన నుంచి తెచ్చాక కూడా నువ్వు ఆ గదిలోనే, పగలంతా ట్యూబులైటు కింద పడుకున్నావు. చివరి వారం అడగడం మానేశావు.

ఇవాళ నాలుగింటికి ఎండ నీ మంచం మీదికి వచ్చింది. దుప్పటి మీది పూలు ఒక్కొక్కటీ కనిపించాయి.

సాయంత్రం రంగు ఆరాక, "బీరువా గీ పక్క గోడకు పెడ్దామా సార్?" అని యాదయ్య అడిగాడు.

పాత చోటనే పెట్టమన్నాను. నాకొక్కడికి అంత గది ఎందుకు. అతను "మీ ఇష్టం" అని బీరువాకు ఒక చెయ్యి వేశాడు.

ట్యూబులైటు వేసుకుని ఇది రాస్తున్నాను.