ఊదా వెలుగుకు ప్రతివాది

మహాలక్ష్మీ సమానురాలు, కొత్త మోకాలి మహారాణి అయిన పిన్నికి అక్క కొడుకు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేనూ, కాలు విరిగిన నా కుర్చీ క్షేమం. అక్కడ నువ్వూ, రోజూ మోకాలి కబుర్లు వింటున్న బాబాయీ క్షేమమని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. వేళకు తింటున్నాను. జుట్టు కత్తిరించుకున్నాను, అద్దం చూసి మళ్లీ పెంచుతున్నాను. ఆఫీసులో నీ కుర్చీని ఎవరూ ఆక్రమించలేదు, మన అధ్యక్షురాలు దానిమీద గొడుగు పెట్టి కాపాడుతోంది. ఇక ఆఖరిది, "నా ముసలి నక్షత్రాలు ఏమయ్యాయిరా?" అన్నది. దానికీ వస్తున్నాను. కాస్త నెమ్మదిగా వస్తున్నాను.

సమావేశం బాగా జరిగింది. అంటే టీ బాగుంది. కొత్త మహా దూరదర్శినికి పెట్టే స్పెక్ట్రోగ్రాఫ్ నక్షత్రాల వెలుగును రంగులుగా విడదీయాలి, కానీ అన్ని రంగులకూ అందులో చోటు లేదు. ఎవరి పరిశోధన లక్ష్యం ఉండాలో, ఎవరిది పోవాలో తేల్చాలి. మన ఆచారం నీకు తెలిసిందే. ప్రతి లక్ష్యానికీ ఒక వాది, ఒక ప్రతివాది. ఎవరి లక్ష్యానికి వాళ్లు వాదించకూడదు. చీటీలు తీస్తే నీ ముసలి నక్షత్రాల లక్ష్యానికి వాదిగా కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. ప్రతివాదిగా నేను.

ఆ అమ్మాయి బాగానే మొదలుపెట్టింది. తొలినాటి నక్షత్రాల గుట్టంతా ఊదా రంగు అంచునే ఉందనీ, ఆ అంచు వదిలేస్తే ఇంత పెద్ద అద్దం కట్టి ఏం లాభమనీ అడిగింది. నేను లేచి, అద్దానికి పూసే వెండిపూత ఆ ఊదా వెలుగునే మింగేస్తుంది కదా అన్నాను. అంతటితో కూర్చోవాల్సింది.

"అయినా ఆ ముసలివాళ్లు వెయ్యి కోట్ల ఏళ్లుగా ఎదురుచూస్తున్నారు. ఇంకో పరికరం వచ్చేదాకా ఆగలేరా?" అన్నాను.

గదంతా నవ్వింది. అధ్యక్షురాలు కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వులోనే చేతులు లేచాయి, నీ లక్ష్యం పోయింది.

ప్రతివాదిగా నా పని నేను చేశానని రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ పిన్నీ, పూత మింగగా మిగిలిన వెలుగు కూడా అంత పెద్ద అద్దంతో చాలునని నువ్వు లెక్క కట్టినప్పుడు మీ వంటింటి గట్టుమీద కూర్చున్నది నేనే. జవాబు నా నోట్లోనే ఉంది. ఆ అమ్మాయికి తెలియదు, పాపం నా వైపు చూసింది కూడా. ప్రతివాది జవాబు చెప్పకూడదన్న నియమం చాటున దాక్కున్నాను. అసలు సంగతి, ఆ నవ్వు రుచిగా ఉంది. పోగొట్టుకోబుద్ధి కాలేదు. నక్షత్రాలు ఆగుతాయేమో గానీ, వచ్చే ఏడు నీ పదవీ విరమణ ఆగదని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మర్నాడు అధ్యక్షురాలి దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ నవ్వలేదు. "పడగొట్టినవాడివి నువ్వే నిలబెట్టు. వచ్చే సమావేశంలో పది నిమిషాలిస్తాను" అంది. ఈసారి వాదిని నేను. ఆ అమ్మాయి ప్రతివాది పని అడిగి మరీ తీసుకుంది.

ఆదివారం వస్తున్నాను. తలుపు తీయకపోతే గుమ్మంలోనే నిలబడి లెక్కంతా పైకి చదువుతాను, ఇరుగుపొరుగు ముందు పోయే పరువు నీదే. తీస్తే మాత్రం, తిట్లు తర్వాతకు దాచి, ప్రతివాదివై ఎదురుగా కూర్చో. వాదన ఎక్కడ డొల్లగా ఉంటే అక్కడ పొడువు. జోకు వేయబోతే చేతికర్ర తియ్యి. ఈసారి ఆ గదిలో ఎవరూ నవ్వకూడదు.

ఇట్లు,
నవ్వించినందుకు సిగ్గుపడుతున్న
నీ అక్క కొడుకు