ఇరవై ఆరు సీసాల మర్యాద

రాజోలు తాలూకా,
19-5-2002, ఆదివారం.

చి॥ ల॥ సౌ॥ చిన్నమ్మలుకి నీ భర్త దీవించి రాయడమేమంటే,

ఇక్కడ నేను, గోపీ, గేదె అందరం క్షేమం. అక్కడ నువ్వు, అమ్మాయి భవాని, అల్లుడుగారు, పురిటిలోని పసివాడు క్షేమంగా ఉన్నారని నమ్ముతున్నాను. క్షేమం అన్న మాటని ఈసారి కాస్త వెడల్పు చేసి వాడుతున్నాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని అమ్మాయి నవ్విందని రాశావు. ఫోనులో నువ్వు మాటకి మాట అడ్డొస్తావు. ఉత్తరంలో రాలేవు. నలభై మూడేళ్ల కాపురంలో నా వాక్యం నేను పూర్తి చేసుకునేది కాగితం మీదే.

నువ్వడిగినవి నాలుగు. మొదటిది ఆవకాయ సంగతి. అమ్మిరాజు సెలవు అయిపోయి ఇరవై ఎనిమిదో తారీకున కువైటు తిరిగొస్తున్నాడు, జాడీ పంపుతున్నాను. పోయినసారి విమానాశ్రయంలో వాడి జాడీ మూత తీయించి వాసన చూశారట. చూసినవాడు మలయాళీ కాబట్టి సరిపోయింది, ఒక ముక్క అడిగి తీసుకుని పంపించేశాడట. రెండోది, గేదె ఈనింది, పెయ్యదూడ. మూడోది, బంగారరాజు భార్య నీకు ఫోను చేసి "మీ ఆయనకి మతి చలించిందండీ, కాస్త వచ్చి చూసుకోండి" అన్న విషయం. మతి చలించలేదు. చలించడానికి ఉన్నదే కొంచెం. ఏం జరిగిందో కిందన రాస్తాను. నాలుగోది, గోపీకి ముహూర్తం పెట్టించారా అన్నది. దానికి జవాబు చివర రాస్తాను. కాగితం తిరగేసి ముందు అదే చదవకు.

నీకు తెలిసినదే అయినా మొదటినుంచి చెప్పాలి, మధ్యలోంచి కథ చెప్పడం నాకు చేతకాదు.

చుట్టూ రొయ్యల చెరువులు తవ్విన రెండో ఏడు మన బావి ఉప్పెక్కింది. అప్పటినుంచి తెల్లవారుజామున పెరటి దారిన ఇసక తిప్ప మీది సూరయ్య బావికి వెళ్లి రెండు బిందెలు తెస్తున్నావు. వీధి తలుపు తీసేసరికి అవి మన బావి గట్టు మీదే, అప్పుడే తోడినట్టు తడిగా ఉంటాయి. మనమే కాదు, మనతో కలిపి ఊళ్లో ఇరవై ఆరు ఇళ్ల వాళ్లదీ ఇదే నాటకం. ఆ దారిలో ఎదురుపడిన వాళ్లు ఒకళ్లనొకళ్లు చూడనట్టు తలలు తిప్పుకునేవారు. ఉప్పునీళ్ల ఇంటికి పిల్లనెవరిస్తారు, బిందెలు మోయించడానికా అన్న భయం ఒకటి. మా తాత ఇటికలతో కట్టించి పేరు చెక్కించుకున్న బావి ఉండగా, కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపి బతికే సూరయ్య బావి నీళ్లు తాగుతున్నామని ఒప్పుకోలేకపోవడం రెండోది. సూరయ్య ఈ ఏళ్లలో ఒక్క మాట అనలేదు. గిలకకి చప్పుడు రాకుండా కొబ్బరినూనె మాత్రం వేసి ఉంచేవాడు.

జనవరిలో యూనివర్సిటీనుంచి యామిని వచ్చింది గుర్తుందా, బుగ్గ మీద ఇంకు మరకతో. సముద్రం పక్క ఊళ్లలో నేల కింద మంచినీళ్లు ఎంత ఉన్నాయి, ఊరికి ఎంత తోడుకోవచ్చు, ఐసు ఫ్యాక్టరీలకీ హోటళ్లకీ ఎంతవరకు ఇవ్వచ్చు, ఎంత దాటితే అడుగునున్న ఉప్పు పైకి లేస్తుంది, ఇదీ ఆ పిల్ల పరిశోధన. మజ్జిగ మీద వెన్నలా ఉప్పునీటి మీద వాన నీరు తేలుతూ ఉంటుందని, గొట్టం లోతుకి దింపి మోటారు పెడితే వెన్నతోపాటు మజ్జిగా వస్తుందని చెప్పింది. నేను ఎనిమిదో తరగతి తప్పి గ్రంథాలయంలో కూర్చుని చదువుకున్నవాణ్ణి. ఇంత తేలిగ్గా నాకెవరూ ఏదీ చెప్పలేదు. అందుకే ఇల్లిల్లూ తిప్పే పని నేనే పెట్టుకున్నాను. సీసాల మీద ఇంటిపేర్లు కూడా నా చేతిరాతే.

మొదటి సీసా మన ఇంట్లోదే. "అమ్మగారూ, కొంచెం నీళ్లు ఇస్తారాండీ" అని ఆ పిల్ల సీసా చాచింది. నువ్వు రాగిబిందెలోంచి వంచావు. నేను కళ్లు పెద్దవి చేస్తే నువ్వు నా వంక చూసి, "ఇంటికొచ్చిన ఆడపిల్లకి ఆ ఉప్పు ముండా నీళ్లు ఇమ్మంటారా ఏంటి" అని గొణిగావు. తక్కిన పాతిక ఇళ్లలోనూ అంతే. వెంకటదుర్గ అయితే నీళ్లతోపాటు బెల్లం ముక్క కూడా ఇచ్చింది. మనిషి వచ్చి నీళ్లడిగితే మంచివే ఇవ్వాలి, అంతకు మించి మనవాళ్లకి పరిశోధన తెలియదు.

ఇరవై ఆరు సీసాల్లో ఒకే బావి నీళ్లు. వాళ్ల యంత్రంలో అన్నిటికీ ఒకే అంకె వచ్చింది. వాళ్ల మేష్టారు ఎగిరి గంతేశాడట. ఊరంతటి కిందా చెక్కుచెదరని ఒకే మంచినీటి పొర ఉందని తేల్చి రిపోర్టు రాశారు. నేను నాలుగు రోజులు లోపల్లోపల నవ్వుకున్నాను. యూనివర్సిటీని సూరయ్య బావి ముంచేసిందని.

నువ్వు మార్చిలో విమానం ఎక్కావు. ఏప్రిల్లో నవ్వు ఆగిపోయింది. ఆ రిపోర్టు పట్టుకుని సీసా నీళ్ల కంపెనీ ఒకటి దిగింది. బంగారరాజు మిల్లు స్థలం తిప్పకి ఆనుకునే ఉంది కదా, అక్కడ మూడు లోతు బోర్లు వేస్తారట, రోజుకి పద్దెనిమిది గంటలు మోటారు. సూరయ్య బావికి అరవై అడుగుల దూరం. ఆ బావి పోతే ఊరు మొత్తానికి గుక్కెడు మంచినీళ్లుండవు. కాలువలు కట్టేసిన ఈ ఎండల్లో పంచాయతీ చెరువు అడుగున మిగిలింది బురద. అలాంటప్పుడు ఈ కంపెనీవాడు మన నీళ్లు సీసాల్లో పోసి మనకే అమ్ముతాడు. బంగారరాజు ముత్తాత మనవాళ్ల ధాన్యం మనకే అమ్మిన కథ నీకు తెలిసిందే, దాన్ని మళ్లీ ఎత్తుకోను. ఎత్తుకుంటే ఇంకో రెండు కాగితాలు కావాలి.

ఈ నెల పదకొండో తారీకు పంచాయతీ ఆఫీసు దగ్గర సభ పెట్టారు. ఎమ్మార్వోగారు వచ్చేరు. రిపోర్టు చదవడానికి యామిని వచ్చింది. ముందు వరసలో, బంగారరాజు పక్కన, మెళ్లో కండువాతో ఆలమూరు కనకరాజుగారు కూర్చున్నారు. అవును, మన గోపీకి పిల్లనిస్తానన్న కనకరాజుగారే. బంగారరాజే కారు పంపి రప్పించాడు. నా నోరు కట్టడానికని చూడగానే తెలిసింది.

యామిని చదవడం అయ్యాక లేచాను. "ఎమ్మార్వోగారూ, ఆ లెక్క తప్పండి. మా సీసాలో పోసింది మా బావి నీళ్లు కాదండి" అన్నాను.

బంగారరాజు నవ్వుతూ లేచాడు. "మూర్తిగారూ, మీకు కాబోయే వియ్యంకుడుగారు కూర్చున్నారు కదండీ. ఇంటి గుట్టు ఇంట్లో మాట్లాడుకుందాం, కూర్చోండి."

"ఆయన కూర్చున్నారు కాబట్టే చెప్తున్నానండి. మా బావి ఉప్పెక్కి ఏడేళ్లయింది. మేం తాగేది సూరయ్య బావి నీళ్లు. కనకరాజుగారికి పెళ్లిచూపుల్లో ఇచ్చిన కాఫీ కూడా ఆ నీళ్లతో కాచిందే."

ఎమ్మార్వోగారు తక్కినవాళ్ల వంక చూశారు. "మాది బంగారంలాంటి బావండి" అన్నాడొకడు. "మాదీ అంతేనండి, ఆయ్" అని ఇంకొకడు. పెళ్లీడు పిల్లలున్న ప్రతి ఇంటి బావీ ఆ నిమిషాన తియ్యగా అయిపోయింది. సూరయ్యని పిలిచి, నీ బావిలో ఎవరెవరు తోడుకుంటారో చెప్పమన్నారు. తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "నీళ్లు పట్టికెళ్లినోళ్ల పేర్లు చెప్పకూడదండీ. అన్నం పెట్టి చాటినట్టుంటది. బావి పోతే పోయిందిగానండి" అన్నాడు. తనకున్న ఒకే ఒక్క బావి పోతోందని తెలిసీ అన్నాడు. నేను సిగ్గుపడ్డాను చిన్నమ్మలూ.

యామిని నీళ్లలో ఉప్పు కొలిచే తన మీటరు పైకి తీసింది. బంగారరాజు "జనవరిలో చెప్పిందీ ఆ డబ్బానే కదమ్మా, మేలో మాట మారుస్తుందా" అని నవ్వించాడు. ఆ డబ్బా పరువు తీసింది మనమే కనక నాకు కోపం రెట్టింపైంది.

"డబ్బా వద్దు, కందిపప్పు తెండి" అన్నాను. గోపీ పరుగెత్తికెళ్లి మన బావిలోంచి ఒక బకెట్టు, సూరయ్య బావిలోంచి ఒక బకెట్టు తెచ్చేడు. టీ కొట్టువాడి రెండు స్టవ్వులు, రెండు గిన్నెలు, ఒకే సంచీలోని పప్పు. ఎమ్మార్వోగారి ఎదురుగా ఎక్కించాం. ప్రభుత్వం కూర్చుని పప్పు ఉడకడం చూడడం నేనెరిగి అదే మొదటిసారి. ముక్కాలు గంటకి సూరయ్య గిన్నెలోది వెన్నలా మెదిగింది. మన గిన్నెలోది గంటన్నర దాటినా గచ్చు మీద వేస్తే గోళీకాయలా దొర్లింది. చూస్తున్న ఆడవాళ్లకి రిపోర్టు అక్కర్లేకపోయింది.

ముందుగా వెంకటదుర్గ కదిలింది. ఇంటికెళ్లి తన బావి నీళ్లు చెంబుతో తెచ్చి బల్ల మీద పెట్టింది. "మా పప్పూ ఉడకదండి. ఏడేళ్లనించీ సోడా వేసి ఏడుస్తున్నాను. రాసుకోండి" అంది. తర్వాత ఇంకో చెంబు. మన బకెట్టుతో కలిపి మొత్తం పదకొండు. పదిహేను ఇళ్లవాళ్లు రాలేదు, వాళ్ల బావులింకా బంగారమే. పదకొండు చాలన్నారు ఎమ్మార్వోగారు. ఆ రిపోర్టు పక్కన పెట్టి మళ్లీ కొలిచేదాకా బోర్లకి అనుమతి లేదని రాసి సంతకం పెట్టేరు. "మళ్లీ కొలిచినప్పుడు చూద్దాం లెండి మూర్తిగారూ" అన్నాడు బంగారరాజు. చూద్దాం. నేనెక్కడికీ పోను.

ఇప్పుడు నీకు రాయకుండా దాచినది. జనవరిలో సీసాలన్నీ సర్దుకుంటూ ఆ పిల్ల నన్ను పక్కకి పిలిచి సూటిగా అడిగింది. "అన్నీ ఎవరి బావిలోంచి వాళ్లు తోడినవేనాండీ?" అని. నేను "ఆయ్" అన్నాను. అంతే, ఒక్క ముక్క. నువ్వు చేసింది మర్యాద. నేను చేసింది అబద్ధం, అదీ నన్ను నమ్మి అడిగిన పిల్లతో. సభ అయ్యాక ఆ మాట ఒప్పుకున్నాను. ఆ పిల్ల తిట్టలేదు. "మీరు ఆయ్ అన్నారని నా పుస్తకంలో రాసుకున్నానండి, తారీకుతో సహా" అంది. తిట్టినా బాగుండేది. మేష్టారి చేత తానే చివాట్లు తింది, ఆర్నెల్ల పని మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. అయినా వచ్చే నెల వస్తానంది.

ఇక నాలుగో ప్రశ్న. కనకరాజుగారు ఆ రెండు గంటలూ కదలకుండా కూర్చున్నారు. పప్పు గోళీలా దొర్లినప్పుడు వంగి దాన్ని తీసి చూశారు కూడా. భోజనానికి రమ్మంటే రాలేదు. బంగారరాజు కారూ ఎక్కలేదు, బస్సులో వెళ్లిపోయారు. మొన్న ఉత్తరం వచ్చింది. "మీ నీళ్లు ఉప్పగా ఉన్నందుకు కాదు బావగారూ, తియ్యగా ఉన్నాయని మాకు చూపించినందుకు ఆలోచిస్తున్నాం. ముహూర్తం మాట ప్రస్తుతానికి ఆపండి" అని. ఆయన అన్నదాంట్లో ఒక్క అక్షరం తీసెయ్యడానికి లేదు. గోపీ ఉత్తరం చదివి, "ముందు నాతో ఒక మాట అనాల్సిందండి నాన్నగారూ" అని, దాన్ని మడిచి పెడుతూ "అన్నా మీరు ఆగేవారు కాదులెండి" అన్నాడు. భోజనం మాత్రం సరిగ్గా చెయ్యలేదు.

నీకు కోపం వస్తుంది. రానీ. కనకరాజుగారి పిల్లని చూసి నువ్వెంత ముచ్చటపడ్డావో నాకు తెలుసు. సంబంధం పోతే నా వల్ల పోయిందని ఊరంతా అంటారు, నువ్వూ అను, పడతాను. కానీ మళ్లీ అదే సభ పెడితే మళ్లీ లేస్తాను. ఒకడి బావి ఊరంతా తాగుతూ, ఆ బావిని ముంచే కాగితం చదువుతుంటే కాళ్లు ఊపుకుంటూ కూర్చోవడం నాకు రాదు. కనకరాజుగారికి జవాబు రాశాను. అబద్ధమాడింది నిజమే, క్షమించమన్నాను. మా అబ్బాయిని చూసి పిల్లనివ్వండి, మా బావిని చూసి మానుకోవాలంటే మానుకోండి అని కూడా రాశాను. రెండో వాక్యం గోపీ కొట్టెయ్యమన్నాడు. కొట్టెయ్యలేదు.

యామిని జూన్ పదమూడున వస్తోంది. ఈసారి ఆ పిల్ల చూస్తుండగా ఇంటి ఇల్లాలే చేద వేసి తోడాలి, నీళ్లు ఏ బావివో కార్డు మీద సంతకం పెట్టాలి. నువ్వు పదో తారీకుకల్లా వచ్చేస్తావు కదా. కనకరాజుగారి జవాబు అప్పటికి వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఆయనే స్వయంగా వచ్చి అరుగు మీద కూర్చున్నా సరే, నువ్వు మన బావిలో చేద వేసి, మొదటి గ్లాసు ఆ ఉప్పునీళ్లే ఆయన చేతికివ్వాలి. తర్వాత ఆయన అడిగితే, సూరయ్య పేరు చెప్పి, సూరయ్య నీళ్లు ఇద్దువుగాని.

ఇట్లు,
నీ మాట వినని నీ భర్త,
సత్యనారాయణమూర్తి