మగ్గం గుంటలో ఎర్రతేళ్లు

బాటల, కట్టడముల దారోగాగారి సముఖమునకు
రాజోలి నేతగాడు చిన్నయ్య పెట్టుకొన్న రెండవ అర్జీ.
తీర్ మాసము, 1348 ఫసలీ.

అయ్యా,

విషయం: మా ఇంటి వెనుక గోడకు ఆనించి తమరు పోయించిన రాళ్లకుప్పను ఎత్తివేయించుట గురించి.

1. నిరుడు ఎండాకాలములో బాట వేయుటకని తమ బండ్లు రాళ్లు తెచ్చి మా వీధిలో కుమ్మరించినవి. బాట నేటికీ రాలేదు. తేళ్లు మాత్రము వచ్చినవి. అవి రాళ్ల సందున పెరిగి, గోడ బీటల గుండా, చల్లగా చీకటిగా ఉండే మా మగ్గం గుంటలోనికి దిగుచున్నవి.

2. తమరు చీరలు చూచియుందురు గాని మగ్గము చూచి యుండరు. నేసేవాడు గట్టు మీద కూర్చొని, రెండు కాళ్లు గుంటలోనికి దించి, పాదాలతో పలకలు తొక్కవలెను. కన్నులు, చేతులు పైన నూలు మీదనే ఉండును. కింద ఏమి తిరుగుచున్నదో కాలికే తెలియవలెను.

3. మొదట నన్ను కుట్టినది మండ్రగబ్బ. నల్లనిది, జానెడు. తొడ దాకా మంట. నొప్పికి తల గోడకు కొట్టుకొంటిని. అయినను బ్రతికితిని. అప్పుడే మొదటి అర్జీ పెట్టితిని. దానికి తమ జవాను నోటిమాటగా తెచ్చిన జవాబు: "దొర ఏమన్నడంటే, జోళ్లు తొడుక్కొని నేసుకోండ్రి. తేలుకు సర్కారు ఏం జేస్తది?"

4. జోళ్లు తొడిగిన కాలికి ఏ పలక ఎక్కడున్నదో తెలియదు. ఆ మాటే మా తమ్ముడు హనుమంతుతో అంటిని. వాడు నావలె మొండివాడు కాడు. "దొర చెప్పిండు గద అన్నా, చేసి చూస్త" అని మూసిన జోళ్లు కుట్టించుకొన్నాడు. ఒక పూట తొక్కి, బట్ట చెడగా, విప్పి గుంట పక్కన పెట్టినాడు. మరునాడు మళ్లీ తొడుగబోగా తేలు జోడులోనే ఉన్నది.

5. ఇది ఎర్రది. వేలంత కూడా లేదు. కుట్టిన చోట పెద్దగా వాపు లేదు గనుక మేము భయపడలేదు. ముందు వాంతులు. పిదప ఒళ్లంతా చెమట, చెమటతో పాటే చేతులు కాళ్లు చల్లబడుట, గుండె దడదడ. మంత్రగాడు వేపమండతో దించినాడు, దిగలేదు. గద్వాల దవాఖానకు బండి కట్టితిమి. దారిలో దగ్గు పట్టి నోట ఎర్రని నురుగు వచ్చినది. "అన్నా, పండబెట్టకు. ఊపిరి అందుతలేదు, జర కూసోబెట్టు" అన్నాడు. కూర్చోబెట్టితిని. సగం దారిలోని అయిజ ఊరైనను ఇంకా కనబడలేదు, నా భుజము మీదనే పోయినాడు. అయ్యా, వాడిని నేను ఎత్తుకొని పెంచితిని.

6. వాని దినములు అయినవో లేదో తమ జవాను మళ్లీ వచ్చినాడు. పరామర్శకు కాదు. "దొరసానమ్మ చీర ఏమాయె?" అని. తమ ఇంటి దొరసానమ్మ నేయమన్న ఆ చీర హనుమంతు చేతిలో సగమై మగ్గము మీద ఆగినది. వాని భార్య రామేశ్వరమ్మ నన్ను చూచి, "బావా, ఆ గుంటల నేను కూసుంట. నువ్వు అర్జీలు రాసుకుంట కూసో" అన్నది. చెయ్యి పట్టి వెనుకకు లాగితిని. నేను ఇంట లేని పూట ఆమె దిగును. మా ఇంట నాకు మిగిలినది ఆమె ఒక్కతే.

కనుక తొలకరి పడక ముందే రాళ్లు ఎత్తివేయించవలెను. విచారణ జరుగుచున్నదని మాత్రము చెప్పి పంపవద్దు. ఎత్తని యెడల మా వీధివారమందరము ఆ రాళ్లను మోసి తమ ఇంటి గోడకు ఆనించెదము. తేళ్లు వాటి వెంట అవే వచ్చును. దీనిని బెదిరింపు అనుకొన్నను సరే, ఈసారి మాత్రము చిత్తగించవలెను.

ఇప్పటి వరకు తమ విధేయుడు,
నేత చిన్నయ్య.

మరచిన మనవి: దొరసానమ్మ చీరను నేసినంత మేరకు రామేశ్వరమ్మ కోసివేసినది. అందులోనే హనుమంతు జోళ్లు మూటగట్టి ఈ అర్జీతో పంపుచున్నాము. చెప్పినవారు తమరే గనుక ఒకసారి తొడుక్కొని చూడవలెను. మేము దులపలేదు.