రెండింట్లోనూ సరిపోవాలి

3 ఫిబ్రవరి 2019, ఆదివారం

కొత్తకోటలో ఓపెన్ స్కూల్ క్లాసు మొదలైంది. మిగతా సబ్జెక్టులన్నీ పోయినసారే పాసయ్యాను. లెక్కల్లో మాత్రం ఇరవై ఆరు. మా ఊరి అంగన్‌వాడీలో పన్నెండేళ్లుగా ఆయాను. మే నెలాఖరుకు భద్రమ్మ టీచర్ రిటైర్ అవుతుంది. టెన్త్ ఉంటే ఆ పోస్టు నాకు రావచ్చు. లేకపోతే ఇంకెవరో వస్తారు.

పక్కన బక్కమ్మక్క కూర్చుంది. హాస్టల్లో వంట చేస్తుంది. నలభై ఆరేళ్లు. ఆమెదీ లెక్కలే మిగిలింది.

10 ఫిబ్రవరి

అమరేందర్ సార్ బోర్డు మీద 3x + 2y = 12 అని రాశాడు. (2, 3) దీనికి సాధన అవునా కాదా అని అడిగాడు. "పెట్టి చూడున్రి అమ్మా," అన్నాడు.

x ఉన్నచోట 2. y ఉన్నచోట 3. ఆరూ ఆరూ పన్నెండు. అవును.

ఊరికే తిప్పి (3, 2) పెట్టాను. పదమూడు వచ్చింది. కాదు. అవే అంకెలు, చోటు మారితే కాదు.

చిన్నప్పుడు లెక్క చేసి సార్ దగ్గర నిలబడేవాళ్లం. తప్పో ఒప్పో ఆయన చెప్పాలి. ఇది అలా కాదు. రెండు పక్కలూ సమానమైతే ఒప్పు. ఎవరినీ అడగక్కర్లేదు. ఆటోలో ఇంటికొచ్చేదాకా కనిపించిన ప్రతి నంబర్ ప్లేటునూ రెండుగా విడగొట్టి x, y చోట పెట్టి చూశాను. ఒక్కటీ సరిపోలేదు. ఎంత బాగుందో.

13 ఫిబ్రవరి, మధ్యాహ్నం

పిల్లలు పడుకున్నారు. పదకొండు పాయింట్లు చూశాను. నాలుగు అవును, ఏడు కాదు.

3 మార్చి

గైడులో తప్పు పట్టాను. నేను.

x + y = 5, 2x − y = 8. జవాబు (4, 1) అని అచ్చువేశారు. మొదటిదాంట్లో ఐదు వచ్చింది. రెండోదాంట్లో ఎనిమిది రావాలి, ఏడే వచ్చింది. మూడుసార్లు చేశాను. ఏడే. మా మనీష తొమ్మిదో తరగతి. దానికి చూపిస్తే "అచ్చేసినోళ్లకు తెల్వదా అమ్మా," అంది.

క్లాసులో చెయ్యెత్తాను. సార్ గైడు తీసుకుని చాలాసేపు చూశాడు. "గైడే రాంగ్. సుహాసినమ్మ చెప్పింది కరెక్ట్," అన్నాడు. తనే చేసి, x పదమూడు బై మూడు, y రెండు బై మూడు అన్నాడు. అందరూ రాసుకున్నారు. నేను ముందు పెట్టి చూశాను. ఐదు. ఎనిమిది. సార్ కూడా కరెక్టే.

ఆ మాట చెబితే నవ్వాడు. "నన్ను గూడ గట్లనే నమ్మకున్రి," అన్నాడు.

17 ఏప్రిల్

హాల్‌టికెట్ వచ్చింది. ఫోటోలో కళ్లు మూసుకుని ఉన్నాను.

30 ఏప్రిల్, సాయంత్రం

లెక్కల పరీక్ష రాసి వచ్చాను.

చివర్లో పెద్ద లెక్క. 3x + 2y = 23, x − y = 1. రెండుసార్లు చేసి రెండుసార్లు కొట్టేశాను. అప్పుడు కిటికీలోంచి చీటీ వచ్చింది. బెంచీలు మారుతూ నా దగ్గరికొచ్చింది. x = 7, y = 1. ముందున్నవాళ్లంతా అదే రాస్తున్నారు. పక్క వరసలో బక్కమ్మక్క కూడా.

పెట్టి చూశాను. ఇరవై ఒకటీ రెండూ ఇరవై మూడు. సరిపోయింది. పెన్ను పేపర్ మీద ఆనించాను. రెండోది చూడలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఏడులో ఒకటి పోతే ఆరు. ఒకటి రావాలి.

గదంతా ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. చీటీ వెనక బెంచీకిచ్చేసి మళ్లీ మొదటినుంచి చేశాను. x ఐదు, y నాలుగు. పదిహేనూ ఎనిమిదీ ఇరవై మూడు. ఐదులో నాలుగు పోతే ఒకటి. బెంచీ మీంచి లేచి నిలబడాలనిపించింది.

బక్కమ్మక్క వైపు చూసి వద్దని తల ఊపాను. ఇన్విజిలేటర్ సార్ వస్తున్నాడని చెబుతున్నాననుకుని పేపర్ మూసుకుంది.

బయటికొచ్చాక చెప్పాను. "అందరు రాసిండ్రు. నువ్వొక్కదానివే తెలివిగల్లదానివా," అని విసురుగా వెళ్లిపోయింది.

2 మే

బక్కమ్మక్క ఫోన్ ఎత్తడం లేదు.

7 జూన్

లెక్కల్లో అరవై ఒకటి. మనీష చదివింది. నేను చదివాను. మా ఆయన మల్లేష్ చదివాడు. నంబరు మారలేదు.

బక్కమ్మక్కకు ముప్పై మూడు. రెండు తక్కువ. వాళ్ల ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, "ఇప్పుడు చెప్పడానికొచ్చినవా," అంది. చెప్పడానికి కాదక్కా, కూర్చుని చేద్దామని వచ్చానన్నాను. నీళ్లిచ్చింది.

19 జులై

ఆర్డర్ వచ్చింది. హాజరు పట్టీ మీద టీచర్ అన్నచోట నా పేరు రాశాను. వంకరగా వచ్చింది.

22 జులై

పిల్లలు వెళ్లిపోయాక బక్కమ్మక్క పుస్తకం పట్టుకుని వచ్చింది. పిల్లల కుర్చీల్లో ఇద్దరం పట్టలేదు. కింద కూర్చున్నాం. ఆరున్నరైంది. తాళం వేయాలంటే "జర ఆగు చెల్లె, ఇంకొక్కటి పెట్టి చూస్త," అంటోంది.