ఇరవైమూడో ప్రశ్న

సెందాయ్
1997 జనవరి 20

కమోహామ రేవు, తొగాషి మద్యం దుకాణం యజమానురాలు తొగాషి ఉమెనో గారికి,

ప్రొఫెసర్ నగుమో చిజురు నమస్కారాలు. చలి ముదిరిన ఈ రోజుల్లో మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉత్తరం వాతావరణంతో మొదలుపెట్టకపోతే మర్యాద కాదని మా సహాయకుడు ఇవాబుచి పట్టుబట్టాడు. ఆ ముచ్చట తీరింది కాబట్టి విషయానికొస్తాను.

తాగుడు ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారన్న ఒక్క ప్రశ్న వెంట ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాను. ఆరువందల మందిని చిన్నప్పటినుంచి వాళ్ల తలలు నెరిసేదాకా వెంబడించాను. ఈ మార్చి నెలాఖరుకి రిటైరవుతున్నాను. పోయేలోగా ఒక పని మిగిలింది. బడి దారుల్లో నిలబెట్టిన మందు యంత్రాలు తీయించాలి. నాణెం వేస్తే చాలు, అవి ఎనిమిదేళ్ల పిల్లకైనా సీసా జారవిడుస్తాయి.

మార్చి పదిన జిల్లా మండలి దీనిమీద తేలుస్తుంది. ఒక్క ఊరి దుకాణదారులు కాదన్నా వాయిదా వేస్తారు. వాయిదా పడితే అది అడగడానికి అప్పటికి నేనుండను. అన్ని ఊళ్లూ ఒప్పుకున్నాయి, మీది తప్ప. మీ సంఘం వాళ్లని అడిగితే "ఉమెనో అమ్మమ్మ ఎంతంటే అంత" అన్నారు. అందరిలో పెద్దవారు మీరేనట. బడికి ఎదురుగా ఉన్న యంత్రం కూడా మీదేనట.

నలభై రెండు ప్రశ్నల పత్రం జతచేశాను. నింపి పంపండి. శ్రమ ఇస్తున్నందుకు గుర్తుగా ఒక చిన్న తువ్వాలు పంపుతున్నాను.

ఇట్లు,
నగుమో చిజురు

తా.క.: "తెలీదు" అని రాసినా జవాబు కిందే తీసుకుంటాం. "నీకెందుకు" అని రాస్తే తీసుకోం. పోయినసారి పదకొండు మంది అలా రాశారు.


కమోహామ
జనవరి 28

సెందాయ్ ప్రొఫెసరమ్మ గారికి,

ఉమెనో ముసలమ్మ వంగి వంగి దణ్ణాలు పెడుతోంది. ఇక్కడ మంచు కిటికీ సగానికి వచ్చింది. పోస్టుమాన్ మీ పొట్లాన్ని గుమ్మంలోంచి కాక కిటికీలోంచి అందించాడు. సముద్రం వారం రోజులుగా అరుస్తూనే ఉంది. కోడళ్లని తిట్టే అత్తగార్లకి కూడా అంత ఓపిక ఉండదు. చూశారా, వాతావరణం అంటే ఇలా రాయాలి. మీ ఇవాబుచికి చెప్పండి.

తువ్వాలు అందింది. ఒకరిచ్చింది పుచ్చుకుని చేతులు దులుపుకునే ఇల్లు కాదమ్మా మాది. అందుకని మా దుకాణం సాకె పెద్ద సీసా ఒకటి పంపుతున్నాను. మూత మీరే తీయాలి. ఒక్క గుక్క నోట్లో పోసుకుంటే మీకే అన్నీ తెలుస్తాయి. ఒకప్పుడు ఈ ఊళ్లో మా సాకెని "బంగారుచేప సాకె" అని ఎగతాళి చేసేవాళ్లు. నీళ్లు ఎంత కలిపామంటే అందులో చేపలు ఈదుతాయట. గిట్టనివాళ్ల మాటలు. అవేం మనసులో పెట్టుకోకండి.

ఇక మీ ప్రశ్నలు. ఐదోది: ఇంట్లో ఎవరైనా పొద్దున్నే తాగుతారా? ఇంట్లో నేనూ పిల్లీ ఉంటాం. పిల్లి తాగుతుంది, పాలు. పన్నెండోది: మీ దుకాణం వల్ల ఎవరి కాపురమైనా చెడిందా? చెడ్డాయి. కానీ మా బల్లమీద కుదిరిన పెళ్లిళ్లు కూడా ఉన్నాయి, వాటి సంగతి అడగరేం? ఇరవైమూడోది మాత్రం మూడుసార్లు చదివాను. ఇలాంటి ప్రశ్న ఎవరికి తోస్తుందమ్మా?

యంత్రం తీయమంటే మాత్రం కష్టం. నా నడుముకి డెబ్భై రెండేళ్లు. యంత్రం ఎండలో వానలో నిలబడుతుంది, టీ అడగదు, కూతురి పెళ్లికి సెలవడగదు.

ఉంటాను,
తొగాషి ఉమెనో

తా.క.: తువ్వాలు ఒక్క ఉతుకుకే రుమాలయింది. చదువుకున్నవాళ్లకి బట్ట కొనడం రాదని మా ఆయన అనేవాడు.


సెందాయ్
ఫిబ్రవరి 5

ఉమెనో గారికి,

ఇక్కడ కూడా మంచే.

మీ అభిమానానికి కృతజ్ఞతలు. సీసా మాత్రం మూత తీయకుండా తిప్పి పంపుతున్నాను. తాగుడు మీద పరిశోధన చేసే మనిషి మందు దుకాణం నుంచి మందు పుచ్చుకోకూడదు. ఇది నేను పెట్టిన నియమం కాదు గానీ, ఎవరూ పెట్టకపోతే నేనే పెట్టేదాన్ని. మీ మనసు నొప్పించినందుకు ఒక డబ్బా మంజూ మిఠాయి పంపుతున్నాను.

యంత్రం గురించి మీరు చెప్పింది నిజమే. అది ఏమీ అడగదు. నా గొడవల్లా అదే. ఇది ఎవరికోసమమ్మా అని కూడా అడగదు.

ప్రశ్నాపత్రం కోసం ఎదురుచూస్తూ,
నగుమో చిజురు

తా.క.: ఇవాబుచి ఆ సీసాని చంకన పెట్టుకుని పోస్టాఫీసుకి నడిచాడు. పదేళ్లుగా పలకరించని సహోద్యోగులు దారిలో ముగ్గురు "ఏం నాయనా, బాగున్నావా?" అన్నారట.


కమోహామ
ఫిబ్రవరి 12

ప్రొఫెసరమ్మా,

ఎలుకలు పుంజుకున్నాయి, పిల్లి ముసలిదైపోయింది. వాతావరణం అంతే ఈసారి.

దుకాణం తెరిచిన నాటినుంచి మా సీసా ఒక్కటీ వెనక్కి రాలేదు. పోస్టుమాన్ దాన్ని మోసుకుంటూ వీధి ఈ చివర్నుంచి ఆ చివరకి వచ్చాడు. ఎదురింటి చేపలావిడ గుమ్మంలో నిలబడి "ఏం ఉమెనో, పట్నంవాళ్లకి మన సాకె ఆనలేదా?" అంది. ఆ మాటకి నా తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

కోపం లేదమ్మా. రుచి చూడకుండానే వద్దన్నారని బాధ. అదీగాక ఇప్పుడు మీ మంజూలు కూడా నా నెత్తిన పడ్డాయి. సీసా ఇవ్వబోతే మిఠాయి వచ్చింది, కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది రెండింతలయింది. రెండు సీసాలు పంపుతున్నాను. ఈసారి మూత తీయండి. ఒక్క గుక్క. ముసలిదాన్ని, బతిమాలుతున్నాను.

మీ ఉమెనో

తా.క.: మంజూలు బాగున్నాయి. తీపి కొంచెం తక్కువ, మీ ఉత్తరాల్లాగే.


సెందాయ్
ఫిబ్రవరి 18

ఉమెనో గారికి,

వాతావరణం నేను చూడలేదు. రెండు రోజులుగా గదిలోంచి బయటికి రాలేదు.

నేను క్లాసులో ఉండగా మీ రెండు సీసాలు తిన్నగా డీన్ గారి బల్లమీదికి వెళ్లాయి. మండలిలో తేల్చడానికి మూడు వారాల ముందు, యంత్రాలు తీయమని అరిచే ప్రొఫెసరుకి మందు దుకాణం నుంచి కానుకలు! ఆయన వాటిని తన బీరువాలో పెట్టి తాళం వేశారు. నన్ను సంజాయిషీ రాయమన్నారు.

ఉమెనో గారూ, మీకు చేతులెత్తి మొక్కుతాను. ఆ సీసాలు నా దరిదాపులకి రానివ్వకండి. ఒక్క చుక్క నా పెదవికి తగిలిందంటే ముప్పై ఏళ్ల నా బతుకు మట్టిలో కలుస్తుంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు. ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

నగుమో చిజురు

తా.క.: ప్రశ్నాపత్రం ఇంకా రాలేదు.


కమోహామ
ఫిబ్రవరి 22

అమ్మా చిజురూ,

వాతావరణం సంగతి తర్వాత.

నిద్ర లేదన్నావు. చేతులు వణుకుతున్నాయన్నావు. దరిదాపులకి రానివ్వద్దన్నావు. నాకు అర్థమైంది తల్లీ. ఇన్నేళ్లుగా మందు అమ్ముతున్నదాన్ని, ఆ మాటలు ఎవరు అంటారో నాకు తెలీదా? ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎంతెంత మొనగాళ్లో మా బల్లకి అవతల నిలబడి సరిగ్గా ఇవే మాటలు ఏడుస్తూ అన్నారు. వాళ్లలో కొందరు మానేశారు కూడా. నువ్వూ మానగలవు.

పొద్దున్నే నత్తగుల్లలు వేసి మిసో చారు కాచుకుని తాగు. కాలేయానికి మంచిది. నోరు పీకినప్పుడల్లా ఒక ఎండు పండు నములు. ఒక దండ పంపుతున్నాను. దీనికి తిరిగి ఏమీ పంపకు, మందు కింద పుచ్చుకో.

నీ ఉద్యోగం గురించి బెంగ వద్దు. మీ డీన్ గారికి నేనే రాశాను. ఇదీ నకలు: "అయ్యా, తాగుడు జబ్బేగానీ నేరం కాదని మీ ప్రొఫెసరమ్మే ముప్పై ఏళ్లుగా చెబుతోందట. ఊరందరికీ పనికొచ్చే మాట ఆవిడకి పనికిరాదా? రిటైరవబోయే పిల్లని రోడ్డున పడేయకండి. మానేస్తుంది. నేను పూచీ."

నీ మంచి కోరే,
ఉమెనో

తా.క.: ఒక్కదాని మాట వింటాడో వినడోనని మా సంఘం సమావేశంలో ఆ ఉత్తరం చదివి వినిపించాను. తొమ్మిది మందీ కళ్లు తుడుచుకుని కింద ముద్రలు వేశారు. అది ఎక్స్‌ప్రెస్ పోస్టులో వెళ్లింది.


సెందాయ్
ఫిబ్రవరి 28

ఉమెనో గారికి,

కోపంతో మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. ఇది నాలుగోది. మొదటి మూడింట్లోనూ వాతావరణం చాలా బాగా రాశాను.

తొమ్మిది ముద్రలున్న ఆ కాగితాన్ని డీన్ గారు ఆచార్యుల సభలో పైకి చదివారు. సభలో నలుగురు లేచి వచ్చి నా భుజం తట్టారు. ఒకాయన తన బావమరిది ఏ ఆసుపత్రిలో నయమయ్యాడో చీటీ రాసిచ్చాడు. అందరికీ నిజం నచ్చజెప్పేసరికి గంటన్నర పట్టింది. ఆఖర్న ఒకావిడ "ఒప్పుకోకపోవడం కూడా ఆ జబ్బు లక్షణమేనని మీరే రాశారుగా" అంది.

ఉమెనో గారూ, నేను తాగను. పుట్టాక ఒక్క చుక్క ఎరగను. ఎందుకో చెబితేగానీ మీరు ఊరుకునేలా లేరు కాబట్టి చెబుతున్నాను. ముప్పై ఏళ్లలో ఇది ఏ పుస్తకంలోనూ రాయలేదు.

నేను మీ ఊళ్లోనే పుట్టాను. మా నాన్న యుద్ధం నుంచి తిరిగొచ్చి పడవ ఎక్కడం మానేశాడు, తాగడం మొదలుపెట్టాడు. ఎర్ర తాడు కట్టిన సీసా ఇచ్చి రోజూ సాయంత్రం నన్నే పంపేవాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. చేపల బజారు పక్కన నీలం తెర కట్టిన దుకాణం ఉండేది. అక్కడ కొత్తగా కాపరానికొచ్చిన కోడలు పీపాలోంచి కొలిచి పోసేది. ఆవిడని అక్కా అనేదాన్ని. పేరు అడగలేదు. పొయ్యి పక్కన కూర్చోబెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకునేది, అవి అయితేగానీ సీసా చేతికిచ్చేది కాదు. ఆ చలికాలమంతా మా ఇంట్లో ఒక వింత జరిగింది. నాన్న సీసా ఖాళీ చేసి, గొణిగి, చెయ్యెత్తకుండా పడుకునేవాడు. దేవుడి దయ అనేది అమ్మ. తర్వాత అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది, ఇంటిపేరు మారింది.

నేను వెంబడించిన ఆరువందల మందిలో నిలదొక్కుకున్నవాళ్లని చూస్తే, దాదాపు ప్రతి ఒక్కరికీ ఇంటి బయట ఒక మనిషి ఉన్నారు. రమ్మని, కూర్చోమని అన్న ఒక్క మనిషి. నా చదువంతా కలిపి తేల్చింది ఈ ఒక్క మాటే. ఆ అక్కకి ఇది చెప్పాలని ఒకసారి కమోహామ వచ్చాను. పెద్ద అగ్నిప్రమాదంలో ఆ వీధి మొత్తం పోయిందన్నారు. ఆవిడ సంగతి ఎవరికీ తెలీదన్నారు.

పదో తారీకు దగ్గర పడింది. యంత్రం సంగతి మీ ఇష్టానికే వదిలేస్తున్నాను.

నగుమో చిజురు

తా.క.: బీరువా తాళంచెవి డీన్ గారి జేబులోనే ఉంటుంది. నిన్న ఎందుకో చాలా నీరసంగా కనిపించారు. "కమోహామ సాకె అంతా ఇలాగే ఉంటుందా?" అని నన్నడిగారు. ఎలా ఉంటుందో ఆయనకెలా తెలిసిందో నాకు అర్థం కాలేదు.


కమోహామ
మార్చి 4

ఒసేయ్ చిజురూ,

మంచు కరుగుతోంది. చూరు నుంచి ఒకటే ధార.

మీ డీన్ గారి నీరసం ఎందుకో చెప్పనా? ఆ సీసాల్లో ఉన్నది మా నూతి నీళ్లు. మొదట పంపిన దాంట్లోనూ అవే. సాకె ఒక్క చుక్క లేదు. మూత తీయవే, ఒక్క గుక్క తాగవే అని ఎంత బతిమాలాను! నీళ్లని తేలగానే నేనెవరో గుర్తుపడతావనుకున్నాను. ప్రొఫెసరువి అయిపోయావు, మూత తీయడం మాత్రం నేర్చుకోలేదు.

నీ ఇరవైమూడో ప్రశ్న ఇదిగో, నీ కాగితం చూసే రాస్తున్నాను: "సాకె తీసుకెళ్లే పిల్లలు దారిలో కొంత పారబోసి, ఆ లోటుని మంచుతో నింపడం మీరెప్పుడైనా చూశారా?" చూశానే. నీలం తెర సందులోంచి రోజూ చూసేదాన్ని. మలుపులో పిల్లల్ని కాచే జిజో దేవుడి రాతి విగ్రహం కాళ్ల దగ్గర కూర్చుని పారబోసేదానివి. తర్వాత మంచు కూరేదానివి, అదీ చేపల బజారు మంచు! మీ నాన్న కడుపు చెడితే మా దుకాణానికే గదా చెడ్డపేరు? అందుకని ఆ పని నేనే శుభ్రంగా నూతినీళ్లతో చేయడం మొదలుపెట్టాను. రోజుకి కాస్త కాస్త పెంచాను. చలికాలం పోయేసరికి సీసాలో ముప్పాతిక నీళ్లే. బంగారుచేప సాకె అని ఊరంతా చాటింది ఎవరనుకున్నావు? మీ నాన్నే! అత్తగారు నన్ను మూడు నెలలు దెప్పింది.

అగ్నిప్రమాదం తర్వాత దుకాణం కొండమీదికి మార్చాం. అందుకే నీకు దొరకలేదు. నువ్వెవరో నాకు జనవరిలో ఆ ప్రశ్న చదివినప్పుడే తెలిసింది. చేతులు వణుకుతున్నాయన్న నీ ఉత్తరం అందినరోజు మాత్రం, ఆ తండ్రి గుణమే ఈ పిల్లకీ వచ్చింది, నా నీళ్లన్నీ వృథా అయ్యాయని ఏడ్చాను. మొన్న నీ ఉత్తరం చదివి మళ్లీ ఏడ్చాను, అది వేరే ఏడుపు.

నిన్న పొద్దున్న బడి గంట కొట్టేముందు యంత్రం తీగ పీకేశాను. సంఘంవాళ్లు పరిగెత్తుకొచ్చి "ఏమైంది అమ్మమ్మా?" అన్నారు. దానికి పిల్లని కూర్చోమనడం రాదు, సీసాలో నీళ్లు కలపడం రాదు, నలభై ఏళ్లు నిలబెట్టినా నేర్చుకోదు అన్నాను. నీ కథ చెప్పాను. తొమ్మిది మందీ మళ్లీ ముద్రలు వేశారు, ఈసారి యంత్రాలు తీసేయడానికి ఒప్పుకుంటున్నామన్న కాగితం మీద. నలభై రెండూ నింపి పంపుతున్నాను. ఎక్కడా "నీకెందుకు" అని రాయలేదు.

పదో తారీకు పని చూసుకుని బయల్దేరు. పొయ్యి కొండమీదికి కూడా తెచ్చుకున్నాను. ఏడో ఎక్కం నీకు ఎప్పుడూ సరిగా రాలేదు, అది ఇంకా బాకీ ఉంది.

నీ అక్క,
ఉమెనో

తా.క.: చేతులూపుకుంటూ రా, ఏమీ తేకు. తెచ్చావంటే తిరిగి ఇవ్వాల్సి వస్తుంది. ఇంట్లో నీళ్లు తప్ప ఏమీ లేవు.