అరువు చెయ్యి

సెయింట్ ఎవాల్డ్, మిన్నెసోటా
ఆగస్టు 25, 1948

చెల్లి ఓటిలియాకి,

మూడు రోజులుగా ముసురు. కోసిన ఓట్స్ పనలు పొలంలోనే తడుస్తున్నాయి. ఇవాళ కాస్త తెరిపిచ్చింది. నేనూ నీ మొగుడు హ్యూబర్టూ కలిసి మీ ఆవులపాక కప్పు బాగుచేశాం. ఇంకో మూడు నెలలు మంచం దిగొద్దని క్షయ శానిటోరియం డాక్టరు అన్నాడంటే, దిగకు.

మన బేస్‌బాల్ జట్టు లీగు గెలిచింది. సంతోషించాల్సిన మాటే, కానీ బంతి విసరడానికి నా దగ్గరున్నది ఒకటిన్నర మనుషులు. హ్యూబర్ట్ ఒకడు. నడుం పట్టేసిన ముసలి వింజెంట్ సగం. వచ్చే నెల మొదటి శని, ఆదివారాల్లో కప్పు కోసం వరసగా రెండు పెద్ద ఆటలు. ఓడిన జట్ల నుంచి విసిరేవాణ్ణి అరువు తెచ్చుకోవచ్చని నిబంధన ఉంది కదా, పక్కూరు రోస్‌బర్గ్ వాళ్ళ క్లెటస్‌ని అడిగాను. వస్తానన్నాడు. పాలకేంద్రం దగ్గర మనవాళ్ళు అప్పుడే ఎగతాళి మొదలెట్టారు. "ఏం మేనేజరూ, మన ఊళ్ళో చేతులు అయిపోయాయా? రేపు పాలు పితకడానిక్కూడా రోస్‌బర్గ్ వాళ్ళనే పిలుస్తావా?"

హ్యూబర్ట్ చేత రెండు రోజులు వరసగా విసిరించొద్దని, అది పద్దెనిమిది ఆవుల్ని పితకాల్సిన చెయ్యి అని రాశావు. మాటిస్తున్నాను.

నీ అన్న
అలోయిస్


సెప్టెంబరు 7

ఓటిలియా,

హ్యూబర్ట్ నీకు రాయొద్దన్నాడు. రాస్తున్నాను.

శనివారం అతనే విసిరాడు, గెలిచాం. ఆదివారం క్లెటస్ వంతు. జాబితాలో పేరు కూడా రాశాను. హ్యూబర్టే విసరాలని మనవాళ్ళు అరవడం విన్నాక ఆ పేరు కొట్టేశాను. కప్పు పక్కూరివాడు గెలిపించాడన్న మాట ఏడాది పొడుగునా పడాల్సొస్తుందనిపించింది. "ఎట్లా ఉంది బావా చెయ్యి?" అని హ్యూబర్ట్‌ని అడిగాను. "దానికేం బావా, భుజానికి అతుక్కునే ఉంది" అని నవ్వాడు. కాదనడని తెలిసే అడిగాను.

ఐదో ఇన్నింగ్స్ అయ్యాక క్లెటస్ ఒళ్ళోని వేరుశనగ పొట్టు దులుపుకుంటూ లేచొచ్చాడు. "నన్నెందుకు పిలిచారండీ, పల్లీలు తినడానికా? ఆయన మోచెయ్యి చూస్తున్నారా?"

"కూర్చో" అన్నాను.

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హ్యూబర్ట్ విసిరిన బంతి అతని కాళ్ళ దగ్గరే పడింది. మోచెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. అప్పుడు పంపాను క్లెటస్‌ని. వచ్చినవాళ్ళని వచ్చినట్టే అవుట్ చేశాడు. గెలిచాం. కప్పు పాలకేంద్రం కిటికీలో పెట్టారు. నేను తల తిప్పుకుని పాలు దింపి వస్తున్నాను.

నరం తెగిందన్నాడు డాక్టరు. పిడికిలి బిగియడం లేదు. మీ ఆవుల్ని రెండు పూటలా నేనే పితుకుతున్నాను. హ్యూబర్ట్ పక్కన నిలబడి, "మెల్లగా బావా, ఆ నల్లావు తంతుంది" అని చెబుతుంటాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనడు. అంటే బాగుండును.

అలోయిస్


సెప్టెంబరు 11

అన్నయ్యకి,

నీ ఉత్తరంతో పాటే హ్యూబర్ట్ ఎడమచేత్తో రాసిన ఉత్తరమూ వచ్చింది. ఆవు తన్నిందని రాశాడు.

తప్పంతా నీ నెత్తిన వేసుకోకు. పొద్దున లేస్తే మోచెయ్యి చాపలేకపోతున్నానని జూలైలోనే నాకు రాశాడు. నీకు చెబితే ఆట మాన్పిస్తావు. నేనిక్కడికొచ్చి పడుకున్నాక అతను నలుగురిలో కలిసేది ఆదివారం ఆటలో మాత్రమే. అది తీసెయ్యడానికి నాకు మనసొప్పలేదు. అందుకే రెండు రోజులు వద్దని మాత్రం రాశాను. సగమే చెప్పాను.

రెండిళ్ళ ఆవుల్ని నువ్వెన్నాళ్ళు పితుకుతావు? మావి అమ్మేయమను. ఇక్కడ ధాన్యం గిడ్డంగిలో తూకం చూసే మనిషి కావాలని నర్సు చెప్పింది. దానికి ఒక చెయ్యి చాలు. అతన్ని రమ్మను.

ఓటిలియా


సెప్టెంబరు 30

చెల్లీ,

తొలి మంచు పడింది. మొక్కజొన్న కోత సగమైంది. నీ ఉత్తరం హ్యూబర్ట్‌కి చదివి వినిపించాను. "ఆవు తన్నిందంటే నమ్మలేదా?" అన్నాడు, అంతే.

వచ్చే ఏడు జట్టు నడపనని చెప్పేశాను. మంగళవారం ఆవుల్ని తోలుకెళ్ళారు. బుధవారం పొద్దున తొమ్మిదిన్నర బస్సుకి హ్యూబర్ట్ నీ దగ్గరికి బయల్దేరాడు.

అలోయిస్