తొలి పిడికెడు దాణా

అవ్వా,

పశువు గుర్తుపట్టేది తిండినా, పెట్టే చేతినా? యూనివర్సిటీలో చదివే రోజుల నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది.

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. తొలి పిడికెడు దాణా నీ అరచేతిలో నాకితేగాని ఎర్రావు తొట్టి ముట్టేది కాదు. నువ్వు పోయాక మా ఎవరి చేతినీ నాకలేదు. మేత తగ్గింది, పాలూ తగ్గాయి. తమ్ముడు జనగామ పశువుల అంగడికి తోలి అమ్ముతానంటే నేనే ఆపి, పశువుల డాక్టరు చెప్పిన అమైనో ఆమ్లాల పొడి దాణాలో కలిపాను.

ఆ పొద్దునే ఎర్రావు పక్కకు తిరిగి, నీ చెయ్యి ఉండే ఎత్తులో, ఉత్త గాలిని మెల్లగా నాకింది. తర్వాత తొట్టంతా ఊడ్చింది. అప్పటి నుంచి రోజూ అంతే. పాలు పెరిగాయి.

“సూసినవా అక్కా, పొడి పని జేసింది! ఇగ అమ్మేది లేదు తియ్,” అని తమ్ముడు మురిశాడు.

“మరి ఆ నాకుడేందిరా?”

“పొడి వాసనకు గట్ల జేస్తది. అంత సదువు సదివి గిదేం అనుమానమే!”

ఇవాళ నేను అది నాకే చోట చెయ్యి చాపబోయాను. ఎర్రావు తలతో నన్ను పక్కకు జరిపింది, నేను ఎవరికో అడ్డం నిలబడ్డట్టు.

నాలుగు రోజులు పొడి మానేస్తే, అది పొడి పనో నీ పనో తెలిసిపోతుంది. మానేయాలో వద్దో, అవ్వా, నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.